'శ' పలకని నోరు

మొన్న సెమినార్‌లో ఒక చెల్లె 'భాషాశాస్త్రం' అనబోయి 'బాసాసాస్త్రం' అంది. వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వారు. ఆమె పేపరు మడిచి కూర్చుంది. ఆ నవ్వు నాకు కొత్త కాదు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నా అంశం గురించి ఒక్క ప్రశ్నా వేయకుండా నాతో 'శ, ష, స' పలికించారు. మా వాడలో ఆ మూడూ ఒక్కటే.

నవ్వినవాళ్ళంతా ఇంగ్లీషుకు దండం పెట్టేవాళ్ళే. ఆ ఇంగ్లీషు సంగతే చూద్దాం. 'నైఫ్' స్పెల్లింగ్‌లో మొదట 'కె' ఉంది. ఒకప్పుడు దాన్ని పలికేవాళ్ళు. 'నైట్' మధ్యలో 'జీహెచ్' కూడా ఒకప్పటి హల్లే. నోళ్ళు వదిలేశాయి, రాత ఇంకా మోస్తోంది. ఇంగ్లీషువాళ్ళను ఎవరన్నా నాలుక తిరగనోళ్ళు అన్నారా?

'ర్' కథ ఇంకా చిత్రం. లండన్ దొరలు 'కార్' అంటే చివరి 'ర్' వినపడదు. న్యూయార్క్‌లోనూ ఒకప్పుడు అదే గొప్ప. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ తలకిందులైంది. 1962లో విలియం లబోవ్ ఆ ఊళ్ళో మూడు పెద్ద దుకాణాలు తిరిగి, పనిచేసేవాళ్ళతో 'ఫోర్త్ ఫ్లోర్' అనిపించాడు. ఖరీదైన దుకాణంలో 'ర్' ఎక్కువ వినపడింది, చవక దుకాణంలో తక్కువ. అదే 'ర్' మింగితే లండన్‌లో హోదా, న్యూయార్క్‌లో నామోషీ. ఎవరు పలుకుతున్నారన్నదే లెక్క.

మన దగ్గరా అంతే. 'బండి ఱ' ఎప్పుడో 'ర'లో కలిసిపోయింది. పండితుల నోట్లోనూ కలిసింది కాబట్టి దాని పేరు మార్పు. మా నోట్లో 'శ' 'స' అయితే దాని పేరు తప్పు! 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగుకు లెక్కగట్టిన వర్ణాలు 36. వాటిలో 'శ' లేదు, 'ష' లేదు, 'భ' లేదు. అవి సంస్కృత పదాల వెంట వచ్చినవని ఆయనే చెప్పాడు. అంటే ఆ చెల్లె నాలుక పలికింది తెలుగే.

'శ' నేర్పొద్దని నేననను. శకలం వేరు, సకలం వేరు. క్లాసులో నేర్పుతాను కూడా. కానీ నేర్పడానికి నవ్వెందుకు? సెప్టెంబర్ 9న కాళోజీ పటానికి దండేసి తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకునే ఓరుగల్లులో, ఒక పిల్ల తన నోటికి భయపడి కూర్చుంటే ఆ దండకు అర్థమేముంది?

చెల్లె, ఆ పేపరు మడత విప్పు. వచ్చేవారం మొదట చదివేది నువ్వే.

జై భీమ్.