పాటల లెక్కయు ప్రజల తీర్పును

శ్రావణ మాసమున ఉరుకుంద నరసింహ ఈరన్న స్వామి దర్శనార్థమై ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నుండియే గాక కన్నడ సీమ నుండియు జనులు తండోపతండములుగా వచ్చుచుందురు. సోమ, గురువారములందు సందడి మరింత మిక్కుటము. ఈ యాత్రామార్గమున నేడు వినవచ్చు పాటలెట్టివి? ట్రాక్టరులపై డీజే పెట్టెలు నిలిపి, నిన్నమొన్నటి చలనచిత్రపు వరుసలకు స్వామి నామమును తగిలించి, గుండెలదరునట్లు మ్రోగించుచున్నారు. ఆ వరుస ఏ చిత్రమున ఏ యాటకు కట్టబడినదో పసిబిడ్డకు సైతము తెలియును; కొత్తది స్వామి పేరొక్కటియే. ఇదేమియని యడిగిన సిద్ధముగా నున్న సమాధానమొకటి కలదు: "ఇవి కోట్లమంది విన్న పాటలు, ప్రజల మెప్పు పొందినవి, కాదనుటకు మీరెవరు?" ఈ సమాధానము ఎంతవరకు నిలుచునో పరీక్షింపదలచితిమి.

ముందుగా నొకమాట. బహుజనులు మెచ్చినది గావున తక్కువదని తలచు పండితమ్మన్యులతో మాకు పొత్తు లేదు. కీరవాణి స్వరపరచి చంద్రబోసు రచించిన "నాటు నాటు" 2023లో ఆస్కారు బహుమానము నందినప్పుడు మేమును సంతసించితిమి. జొన్నరొట్టెను మిరపతొక్కును పాటలోనికి దెచ్చి లోకమునకు వినిపించిన ఆ ధైర్యము జొన్నరొట్టె తిని బ్రతుకు మన సీమకు పరాయిది కాదు. చలనచిత్రపు అండ లేకయే వెలువడిన "రాను బొంబయికి రాను" 2025లో ఊరూర మారుమ్రోగినది. పెద్ద సంస్థల పంచన జేరని పాట కూడ జనుల చెవికెక్కగలదనుటకు అదియే తార్కాణము. కావున మా తగవు జనాదరణతో గాదు; జనాదరణ పేర చెలామణి యగు లెక్కతో.

ఆ లెక్క ఎట్టిది? 1940లో అమెరికాలో బిల్‌బోర్డు పత్రిక అమ్ముడుపోయిన రికార్డుల ననుసరించి పాటలకు వరుససంఖ్య లిచ్చుట యారంభించెను. ఇరువదియేండ్లు తిరుగకమున్నే, తమ పాటలను ప్రసారము చేయుటకై రికార్డు సంస్థలు రేడియో ప్రయోక్తలకు లంచములిచ్చుచున్నవను సంగతి బయల్పడి, అమెరికా కాంగ్రెసు విచారణ జరిపి, 1960లో చట్టము చేయవలసి వచ్చెను. యంత్రము మారినను తంత్రము మారలేదు. 2019 జులైలో బాద్‌షా యను గాయకుని హిందీ పాట ఒక్క దినముననే ఏడున్నర కోట్ల వీక్షణలు పొందినదని చాటిరి. అందు ప్రకటనలకు సొమ్ము పోసి రాబట్టినవి కలవని తేలగా, అలజడి రేగెను. ఆ సెప్టెంబరులోనే యూట్యూబు సంస్థ, ప్రకటనల వలన వచ్చిన వీక్షణలను ఇకపై తన పాటల పట్టికలలో లెక్కింపనని ప్రకటించెను. లెక్క వ్రాయువాడే తన లెక్కను దిద్దుకొనవలసి వచ్చినపుడు, ఆ లెక్కనే వేదవాక్యముగా జాతరలో వల్లించుట యెంత వింత!

సొమ్ము కలియని లెక్కయే యనుకొందము. అదియైనను చెప్పునదేమి? పాట యెన్నిమారులు మ్రోగినదో చెప్పును. ఎవడు మనసిడి విన్నాడో చెప్పదు. ఆదోని మార్కెట్టు యార్డులో మూటలు లెక్కించి పత్తికి వెలకట్టు వర్తకుడు కలడా? పిడికెడు దూది చేతబట్టి, పింజ పొడవు చూచి, తేమ పరికించి, ఆ తరువాతనే ధర పలుకును. రెండణాల దూదికి చేయు పరీక్ష బిడ్డల నోట నిత్యమాడు పాటకు అక్కరలేదా?

ప్రజల తీర్పనునది వేరొకటి కలదు. అది ఒక్కదినమున వెలువడదు. ఓరుగల్లు సీమలో మొగలు పాలకుల నెదిర్చిన సర్వాయి పాపడు 1710లో వధింపబడెను. నూటయరువదేండ్లకు పైగా గడచిన పిమ్మట, జె. ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు పాపని వీరగాథను బళ్లారి ప్రాంతమున గాయకుల నోట విని వ్రాసికొని, 1874లో "ఇండియన్ యాంటిక్వరీ"లో ప్రకటించెను. ఆనాడు మన ఆదోని బళ్లారి జిల్లాలోనిదే. 1953లో గదా అది ఆంధ్రరాష్ట్రమున జేరినది! ఓరుగల్లెక్కడ, బళ్లారి యెక్కడ? ఏ సంస్థ ఆ పాటకు ప్రకటన వేసినది? అట్లే 1847లో కోయిలకుంట్లలో ఉరిదీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గాథ. ప్రభుత్వము ఆయన శిరస్సును కోట గుమ్మమున వ్రేలాడదీసి జనులను భయపెట్టజూచెను. జనులు ఆయనను పాటలో నిలుపుకొనిరి. 2019లో చలనచిత్రము వచ్చునాటికి ఆ పాట మన జిల్లాలో బ్రతికియే యున్నది. తాత నోట విన్నది మనుమడు పాడుట: ఇదియే ప్రజల తీర్పు. నిరుటి పట్టికలో మొదటి స్థానమందిన పాట నేడెందరి నోట నున్నదో చదువరులే యోచింతురు గాక.

ఇక నిషేధమే మందని కేకలు వేయు వారొకరు. చిత్రములలోని నృత్యభంగిమలు స్త్రీలను కించపరచుచున్నవని ఫిర్యాదులు రాగా, తెలంగాణ మహిళా కమిషన్ 2025 మార్చిలో చిత్రపరిశ్రమను హెచ్చరించెను. ఆ హెచ్చరిక న్యాయమైనదే. ఆడుబిడ్డను ఆటబొమ్మగా జూపు పాటకు వీక్షణలు కోట్లున్నను సిగ్గు సిగ్గే. కాని నిషేధముతో అభిరుచి పుట్టదు. 1952లో కేంద్రమంత్రి కేస్కరు ఆకాశవాణిలో సినిమా పాటలను కట్టడి చేయగా నేమయ్యెను? దేశమంతయు సిలోను రేడియో వైపు చెవి మరల్చెను. అమీన్ సయానీ నడిపిన గీతమాలకు శ్రోతలు వేలాదిగా జాబులు వ్రాసిరి. తుదకు 1957లో ప్రభుత్వమే వివిధ్ భారతిని స్థాపింపవలసి వచ్చెను. వాకిట తలుపు మూసిన పాట పెరటి దారిన వచ్చినది. మంచిపాట చేతికందింపక చెడుపాటను తిట్టువాని మాట యెవడు వినును? అయితే ఉన్న చట్టమునైనను అమలు జరుపుట నిషేధము కాదు. రాత్రి పది గంటల నుండి ఉదయ మారు గంటల వరకు ధ్వనివర్ధకములు మ్రోగరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. జాతర పేరు చెప్పి రోగులను పసికందులను నిద్రకు దూరము చేయుట ఏ దేవునికి ప్రీతి?

అన్నిటికంటె మా మనసును కలచు విషయము వేరు. పల్లె పాటను పట్టణము కొనిపోయి, బంగారు పూత పూసి, మరల పల్లెకే అమ్ముచున్నది. 2021లో "సారంగదరియా" మారుమ్రోగినపుడు, ఆ జానపద గేయమును వెలికి దెచ్చిన ఘనత యెవరిదను వివాదము పత్రికల కెక్కెను. అందెవరి పక్షమును మేము వహింపము. కాని ఆ తగవు ఒక సత్యమును వెల్లడించినది. 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము చలనచిత్రపు కవికిని స్వరకర్తకును రాబడిలో విడదీయరాని పాలు కల్పించెను. మంచిదే. కాని నాట్లు వేయుచు, తిరగలి త్రిప్పుచు తరతరములుగా పాట నిలిపిన అవ్వకు ఆ చట్టమున చోటు లేదు. ఆమె పేరు ఏ పట్టికకు నెక్కదు. ఎలుగుతోలు కుళ్లాయి బెట్టి డమరుకము మ్రోగించు గొరవయ్య, చెక్కభజన గురువు, రాత్రులందు ఏకతార మీటి తత్త్వములు పాడు వృద్ధుడు: వీరందరును డీజే పెట్టె ముందు మూగవారైపోవుచున్నారు.

దీనికి మార్గము లేకపోలేదు, మన యింటనే కలదు. దళారుల చేత చిక్కిన నేతగాండ్రను మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరున సహకార సంఘముగా కూర్చి, వారి మగ్గమునకు వారినే యజమానుల గావించిరి. మగ్గమునకు జరిగినది గొంతునకు జరుగరాదా? మన గాయకులొక సంఘముగా జేరి, తమ పాటలను తామే ధ్వనిముద్రించి, పాడినవారి పేరు, ఊరి పేరు, నేర్పిన గురువు పేరు చేర్చి లోకమునకు వదలవచ్చును. అందులకు వలయు యంత్రము నేడు ప్రతి యువకుని జేబులోనే యున్నది. జాతర పెద్దలు డీజేకు పోయు ద్రవ్యములో సగమైనను ఈరన్న స్వామి పాటలు పాడు భజనబృందములకు సంభావనగా నీయవచ్చును. గ్రంథాలయములు, పాఠశాలలు తమ యూరి పాటలను వ్రాసి యుంచవచ్చును. ఇందేదియు చట్టము కొరకు వేచియుండ నక్కరలేదు.

పట్టణవాసులైన చదువరులారా, పట్టిక యెవరో వ్రాసి పంపుదురు, మనము తలయూపుదుమనుట దాస్యమే గాని రసజ్ఞత గాదు. విననిదానిని విన్నట్లు లెక్కించు యంత్రమునకు మన చెవులను తాకట్టు పెట్టకుడు. వచ్చు శ్రావణమున ఉరుకుంద బాటలో ఒక్క భజనబృందమునకైనను డీజేకు ముందు చోటిప్పింపుడు. ఆ పాట మనుమల నోట నిలిచెనా, అదియే లెక్క, తక్కినది పద్దు.