కవరు ఎవరి చేతిలో ఉంది?

‘ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 505 దేని గురించి?’ అని అడిగితే నా క్లాసులో నలభై గొంతులు ఒక్కసారే లేస్తాయి: ‘ఎక్స్‌టర్నల్ కన్ఫర్మేషన్స్, సార్!’ బ్యాంకులో కంపెనీ డబ్బు ఎంతుందో ఆ బ్యాంకునే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోవడం ఆడిటర్ పని, ఆ ఉత్తరాలు వెళ్లడం, రావడం ఆడిటర్ అదుపులోనే ఉండాలని కూడా గడగడా చెబుతారు. అంతా అయ్యాక ఇంకో ప్రశ్న వేస్తాను: ‘మరి ఆ కవరు బ్యాంకుకు ఎవరు పట్టుకెళతారు?’ క్లాసంతా నిశ్శబ్దం. కిందటేడు వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, ‘కంపెనీ అకౌంట్స్ వాళ్లే తెచ్చి ఇస్తారు కదా సార్’ అన్నాడు. అతను అప్పటికే ఆర్టికల్స్, అంటే ఆడిటర్ దగ్గర ప్రాక్టికల్ శిక్షణ, చేస్తున్నాడు. అబద్ధమాడలేదు. చూసిందే చెప్పాడు.

ఆ జవాబు విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. సీఏ, సీఎస్ విద్యార్థులకు కంపెనీ చట్టం, గవర్నెన్స్ చెప్పడం నా వృత్తి. ఈ వృత్తిలో ఉన్న మా అందరిలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. గవర్నెన్స్ అంటే థియరీ పేపర్, ఏబీసీ అనాలిసిస్‌లో ‘సి’ కేటగిరీ, అంటే అన్నిటికంటే తక్కువ ముఖ్యమైనది. పరీక్షకు పది రోజుల ముందు మారథాన్ క్లాసులో సెక్షన్ నంబర్లు, కమిటీల పేర్లు, కీ వర్డ్స్ పట్టిస్తే చాలు, మిగతాది ఉద్యోగంలో చేరాక అదే వస్తుంది. సహోపాధ్యాయులు, కోచింగ్ యాజమాన్యాలు, తల్లిదండ్రులు, చివరికి విద్యార్థులు కూడా ఈ మాటే అంటారు. ఇది తప్పని, ప్రమాదమని నా వాదన.

హైదరాబాద్‌లో కూర్చుని గవర్నెన్స్‌ను ‘సి’ కేటగిరీ అనే హక్కు మనకు అసలు లేదు. 2008 సెప్టెంబరులో ఇక్కడి సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌లో శ్రేష్ఠతకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆ లేఖ సారాంశం. ఇచ్చిన పురస్కారాన్ని వెనక్కి తీసుకున్నారు.

లేని డబ్బు ఆడిటర్ల కంట పడకుండా అన్నేళ్లు ఎలా ఉండగలిగింది? అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో ఇచ్చిన ఉత్తర్వుల్లో దానికి జవాబు ఉంది. బ్యాంకులకు వెళ్లాల్సిన, అక్కడి నుంచి రావాల్సిన ధ్రువీకరణ ఉత్తరాలను ఆడిటర్లు కంపెనీ యాజమాన్యం చేతిలోనే పెట్టేశారని తేల్చింది. నా వెనక బెంచీ అబ్బాయి చెప్పింది అక్షరాలా ఇదే. ఆ ఆడిటర్లు నియమం తెలియనివాళ్లేం కాదు. దాన్ని చదివి, రాసి, మార్కులు తెచ్చుకుని వచ్చినవాళ్లే. నియమం తలలో ఉంది, కవరు మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉంది. మనం నేర్పాల్సింది ఆ రెంటి మధ్య దూరాన్ని దాటడం. మన బోధన అక్కడిదాకా వెళ్లడమే లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం సత్యం నుంచే వస్తుంది. ‘ఆ బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఉన్నారు, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. వాళ్లకు లేని చదువా? చదువుతో గవర్నెన్స్ వస్తుందనుకోవడం భ్రమ’ అంటారు. కాస్త ఆగి చూడండి. 2008 డిసెంబరు 16న ఆ బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ప్రమోటర్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలు రెంటిని దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనాలని. బోర్డు ఆమోదించింది. మదుపుదారులు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ గదిలో సిద్ధాంతం తెలియక లోటు రాలేదు. ‘ఇది ఇవాళ తేలదు, వాయిదా వేద్దాం, నా అసమ్మతి మినిట్స్‌లో రాయండి’ అనడం ఒక పని. ఈత లాగా, డ్రైవింగ్ లాగా చేస్తేనే వచ్చే పని. దాన్ని అభ్యాసం చేయించని చదువు విఫలమైందంటే ఒప్పుకుంటాను. అందుకని చదువే దండగ అంటే ఒప్పుకోను.

సత్యం తర్వాత దేశం నేర్చుకున్న పాఠమూ సగమే. 2013 కంపెనీల చట్టం వచ్చింది. స్వతంత్ర డైరెక్టర్లకు 149వ సెక్షన్, నాలుగో షెడ్యూల్. ఆడిటర్ల మార్పిడికి 139. మోసం కనబడితే ప్రభుత్వానికి చెప్పాలని 143(12). చట్టం మంచిదే. స్వతంత్ర డైరెక్టర్ అయ్యేవారికి 2019 డిసెంబరు నుంచి ఆన్‌లైన్ పరీక్ష కూడా పెట్టారు. అది బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష. మొదట పాస్ మార్కు 60 శాతం, ఏడాదికే 50కి తగ్గించారు. బోర్డు గదిలో నాలుగు ఐచ్ఛికాలు ఎవరూ ఇవ్వరు. అక్కడ ప్రశ్నను కూడా మనమే తయారు చేసుకోవాలి.

రెండో అభ్యంతరం, ‘నీతి ఇంట్లో రావాలి, క్లాసులో రాదు’ అని. నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. మన ఇళ్లలో పిల్లలకు నేర్పేదేమిటి? పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని. అది మంచి సంస్కారమే. కానీ ఇరవై రెండేళ్ల ఆ పిల్లో పిల్లాడో రేపు తండ్రి వయసున్న ఎండీ ముందు నిలబడి, ‘సార్, దీని మీద నేను సంతకం పెట్టలేను’ అనాలి. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు, కాలేజీలో అననివ్వలేదు. గౌరవం తగ్గకుండా, గొంతు వణక్కుండా కాదనడం ఎక్కడో ఒకచోట నేర్పాలి కదా. అందుకు క్లాసు తప్ప వేరే చోటు నాకు కనబడదు.

‘ఆర్టికల్స్‌లో నేర్చుకుంటారు’ అనేవారికీ ఒక మాట. సీఏలో మూడేళ్ల ఆర్టికల్స్‌ను 2023లో రెండేళ్లకు కుదించారు. పైగా అక్కడ సీనియర్లు ఏం చేస్తే జూనియర్లు అదే చేస్తారు. కవరు అకౌంట్స్ వాళ్లే తెస్తారని ఆ అబ్బాయి నేర్చుకున్నది అక్కడే.

ఇక టైమ్ లేదనే అభ్యంతరం. సీఏ పాసవ్వాలంటే ఒక్కో పేపర్‌లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టినవాళ్లున్నారు. పిల్లలు పాసవ్వాలి. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ధైర్యం నాకు లేదు. కానీ సీఏ ఫైనల్‌లో ఇప్పుడు 30 శాతం మార్కులు బహుళైచ్ఛిక ప్రశ్నలవి, వాటిలో కేస్ సినారియోలు వస్తాయి. ఒక పరిస్థితిని చదివి చిక్కు ఎక్కడుందో పట్టుకోవాలి. పట్టుకోవడం అలవాటైనవాడు పరీక్షలోనూ పట్టుకుంటాడు.

నా క్లాసులో ఏం చేస్తానో చెబుతాను. ఒక బోర్డు మీటింగ్ పెట్టిస్తాను. ఛైర్మన్, ఆయన తమ్ముడు కలిసి నడిపే భూముల కంపెనీని కొనాలని ఏడో అంశం. వాల్యుయేషన్ రిపోర్టు ముందురోజు రాత్రి వచ్చింది. భోజనాల వేళ దగ్గరపడింది. ఏడుగురు డైరెక్టర్లు, ఒక కంపెనీ సెక్రటరీ. మొదటిసారి పది నిమిషాల్లో అయిపోయింది. ఛైర్మన్ పాత్రధారి కుర్చీలోంచి కదల్లేదు. తనకు స్వప్రయోజనం ఉన్న అంశం మీద డైరెక్టర్ పాల్గొనకూడదనే 184వ సెక్షన్‌ను వారం ముందే అందరూ అప్పజెప్పారు. సెక్రటరీగా కూర్చున్న అమ్మాయి మినిట్స్ చదివింది: ‘కూలంకషంగా చర్చించిన మీదట బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించింది.’ ‘చర్చ ఎప్పుడు జరిగిందమ్మా?’ అన్నాను. ‘ఫార్మాట్‌లో అలాగే ఉంటుంది సార్’ అంది. ఆ తర్వాత తనే తల దించుకుంది.

మినిట్స్ అంటే జరిగినదానికి నిజమైన సారాంశం అని 118వ సెక్షన్ చెబుతుంది. స్వతంత్ర డైరెక్టర్ తెలిసి ఊరుకున్నాడా, జాగ్రత్తగా వ్యవహరించాడా అన్నదాన్ని బట్టే అతని బాధ్యత ఉంటుందని 149(12) చెబుతుంది. ఈ రెండు సెక్షన్లూ ఆ పూట ఆ క్లాసుకు నేను చెప్పకుండానే అర్థమయ్యాయి. రెండోసారి మీటింగ్ గంట సాగింది. ఇద్దరు వాయిదా కోరారు. ఒకరు రెండో వాల్యుయేషన్ అడిగారు. ఛైర్మన్ లేచి బయటికి వెళ్లాడు.

అన్ని వృత్తి సంస్థలనూ, కోచింగ్ సెంటర్లనూ నేను అడిగేది ఇంతే. ప్రతి విద్యార్థీ పట్టా చేతికి రాకముందు ఒక మీటింగ్‌కు నిజమైన మినిట్స్ రాయాలి, ఒక అసమ్మతి నోట్ రాయాలి, ఒక కన్ఫర్మేషన్ ఉత్తరం తన చేత్తో పంపాలి. దానికి మార్కులు ఉండాలి. మార్కులు లేనిదాన్ని మన పిల్లలు చదవరు. తప్పు వాళ్లది కాదు, మనం అలా పెంచాం.

వెనక బెంచీ అబ్బాయి మొన్న ఫోన్ చేశాడు. ఒక కంపెనీ ఆడిట్‌లో ఉన్నాడట. అకౌంట్స్ మేనేజర్, ‘ఉత్తరం నేను తెప్పిస్తాలే బాబూ’ అన్నాడట. ‘వద్దు సార్, మా ఆఫీసు నుంచే వెళ్లాలి, జవాబు మాకే రావాలి’ అని చెప్పి, సీనియర్‌తో మాట్లాడి తనే పోస్టులో వేశాడట. ‘ఏమైంది?’ అన్నాను ఆత్రంగా.

‘ఏం లేదు సార్. బ్యాలెన్స్ పైసాతో సహా సరిపోయింది. మేనేజర్ గారు మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు’ అన్నాడు.

ఏ మోసమూ బయటపడలేదు. ఆ రెండు రోజుల మౌనాన్ని మాత్రం అతను భరించాడు. ఆ వర్కింగ్ పేపర్ మీద అతను పెట్టిన టిక్కు నిజమైన టిక్కు. గవర్నెన్స్ అని మనం పెద్ద పేరు పెట్టి పిలిచేది అదే. దాన్ని నేర్పవచ్చు. నేర్పి తీరాలి.