దివిటీ కలదు, నూనె యేది?

పదిమంది కన్యకల ఉపమానము మన పాఠశాల విద్యార్థులకు తెలియనిది కాదు. పదిమంది చేతులలోను దివిటీలుండెను. ఐదుగురియొద్ద మాత్రమే సిద్దెలలో నూనె యుండెను. పెండ్లికుమారుడు వచ్చిన గడియయందు ఆ భేదము బయల్పడెను. కంప్యూటరులో యాంటీవైరస్ అను కావలి సాధనమును పెట్టుకొనియు, దానిని దినదినము క్రొత్తపరచని మనము నూనె లేని ఆ ఐదుగురి వంటివారమని నా అభిప్రాయము.

ఈ సాధనము దొంగను ఎట్లు పట్టునో మొదట గ్రహింపవలెను. కంప్యూటరు వైరసు అనునది హాని చేయుటకై మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామే గాని వేరొకటి కాదు. దాని వ్రాతలో దానికే చెల్లిన కొన్ని గుర్తులుండును. యాంటీవైరస్ సంస్థలవారు క్రొత్తగా దొరికిన వైరసులను పరీక్షించి, ఆ గుర్తులను పట్టికగా కూర్చి, తమ సర్వర్లలో నుంచుదురు. మన యంత్రము ఇంటర్నెట్టు మూలముగా నియమిత కాలమున విచారించి, సాధారణముగా తనయొద్ద లేని భాగమును మాత్రమే తెచ్చుకొనును. అది నిజముగా ఆ సంస్థ పంపినదేయని డిజిటల్ సంతకముచే నిర్ధారించుకొనిన పిమ్మటనే స్వీకరించును. పూర్వము ఈ పట్టికలు ఫ్లాపీ డిస్కులలో నెలకొకసారి వచ్చుచుండెడివి. నేడు దినమునకు పలుమారులు వచ్చుచున్నవి. ఏలయన, జర్మనీలోని ఏవీ-టెస్ట్ అను పరీక్షాసంస్థవారు ప్రతిదినము 4,50,000కు పైగా క్రొత్త హానికర ప్రోగ్రాములను నమోదు చేయుచున్నామని తెలిపియున్నారు.

ఉద్దానమువారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు సమీపమున తీరము దాటి, మన కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చెను. అట్టి దినములలో వాతావరణ శాఖవారు మూడేసి గంటలకొక ప్రకటన చేయుదురు. నిన్నటి ప్రకటనను నమ్మి నేడు వేటకు పోవు జాలరి యుండునా? సుమ్మాదేవి మొదలు భావనపాడు వరకు ఎవరినడిగినను ఉండడనియే చెప్పుదురు. మరి నెలలనాటి పట్టికతో కంప్యూటరును నడుపుట యేమి వివేకము?

ఈ భయము దూరదేశముల కథ కాదు. 2017 మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము బయలుదేరి, ఫైళ్లకు తాళము వేసి, తాళము తీయుటకు సొమ్మడుగుచు, 150 దేశములకు వ్యాపించెను. బ్రిటనులో ఎన్నో ఆసుపత్రులలో చికిత్సలు వాయిదాపడెను. మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము జిల్లాలతోపాటు మన శ్రీకాకుళము జిల్లాయందును పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాతబడెను. అది దూరిన కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14వ తేదీననే, విడుదల చేసియుండెను. సవరణ గోడకన్నమును పూడ్చును. పట్టిక కావలివానికి దొంగ ఆనవాలు చెప్పును. రెండును వేరైనను, రెండును అప్‌డేటు రూపముననే వచ్చును. ఇంటికి వచ్చిన మందును పుచ్చుకొనక చెడిన యంత్రములు ఆనాడు అనేకములు.

అప్‌డేటే యంత్రమును చెరచినచో నేమి చేయుదుమని కొందరడుగవచ్చును. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక అప్‌డేటులోని దోషముచే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు స్తంభించెను. హైదరాబాదు విమానాశ్రయమున చేతివ్రాత బోర్డింగు పాసు ఇయ్యవలసివచ్చెను. కావున పంపువారు మొదట కొద్ది యంత్రములపై పరీక్షించి పంపవలెను. మనము ముఖ్యమైన ఫైళ్ల ప్రతులను వేరొకచోట దాచుకొనవలెను. అంతే గాని, ఒకనాడు అన్నము మాడినదని పొయ్యి వెలిగించుట మానుదుమా?

పాఠశాలల విషయమున అపాయము మరింత యెక్కువ. వేసవి సెలవులలో మన యంత్రములు వారముల తరబడి నిద్రించును. జూను నెలలో గది తలుపు తీసిన దినమున ఆ కావలివాడు ఏప్రిలు నాటి దొంగలనే యెరుగును. పిల్లల పెన్ డ్రైవులు మాత్రము ఆ దినముననే వచ్చును. కావున సెలవుల పిమ్మట మొదటి పని అప్‌డేటు కావలెను. ప్రతి ఉదయము ఒక విద్యార్థి ప్రతి యంత్రమున పట్టిక తేదీని చూచి నోటుపుస్తకమున వ్రాయవలెను. తేదీ పాతదైనయెడల ఆ యంత్రమునకు పెన్ డ్రైవు తగిలింపనీయరాదు. ఇందులకు ధనవ్యయము లేదు. విండోస్ 10, 11లతో డిఫెండర్ అను కావలి సాధనము వెల లేకయే వచ్చుచున్నది. కావలసినది శ్రద్ధ మాత్రమే.

తల్లిదండ్రులారా, మీ చేతిఫోనులు అప్‌డేటు కోరినప్పుడు రేపు, ఎల్లుండి అని వాయిదా వేయకుడు. విద్యార్థులారా, పట్టికకెక్కని దొంగయు నుండును. ఎరుగని లింకును తెరవకుండుట మీ వివేకమునకు సంబంధించిన పని. దివిటీ కొనుట ఒకనాటి పని. నూనె పోయుట ప్రతినాటి పని. ఈ రెండవదానిని మరచినవారికి మొదటిది చీకటిలో అక్కరకు రాదు.