మఖమలు రణపాల

అరుదైన వస్తువుమీద మనిషికి మోజు కలగడం సహజం. ఆ మోజును మేము తప్పుపట్టడం లేదు. విద్య కూడా చాలామందిలో ఏదో ఒక మోజుతోనే ప్రారంభమవుతుంది. కాని వస్తువుకు ప్రాణం ఉన్నప్పుడు దానిని కొని తెచ్చుకొనడం వేరు, బతికించుకొనడం వేరు. దళసరి ఆకులలో నీరు దాచుకొని బతికే మొక్కలు, అంగడివారు సక్యులెంట్లు అని పిలిచేవి, ఇప్పుడు మన పట్టణాలలో కూడా దొరుకుతున్నవి. వసతిగృహపు కిటికీలలోనూ, అధ్యాపకుల బల్లలమీదనూ అవి కనిపిస్తున్నవి. ఒక సంవత్సరం గడిచిన పిమ్మట అక్కడ కుండీ మాత్రం మిగిలి ఉంటుంది. ఇందుకు మొక్క నాజూకుతనమే కారణమని పలువురు భావిస్తున్నారు. అది సరి కాదని మా నిశ్చితాభిప్రాయం.

ఆ జాతులలో ఒకదానిని మాత్రమే ఇక్కడ పరిశీలిస్తాము. దీని ఆకు కుందేలు చెవివలె కోలగా, దళసరిగా ఉంటుంది. ఆకు నిండా దట్టమైన తెల్లని నూగు. ఆ నూగు చేత ఆకుపచ్చ రంగు వెండి పూత పూసినట్లు కనబడుతుంది. అంచుల కొసన ఎవరో కాచుతో చుక్కలు పెట్టినట్లు గోధుమ వన్నె మచ్చలు ఉంటాయి. కుండీలో సుమారు మూర ఎత్తు పెరుగుతుంది. వృక్షశాస్త్రంలో దీని పేరు కలంచో టోమెంటోసా. 1882లో బేకర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టాడు. లాటిను భాషలో టోమెంటం అంటే దిండ్లలో కూరే ఉన్ని, జుట్టు వంటి పదార్థం. ఆ పేరు పెట్టినవాడు ఆకును చేతితో తాకి చూచే ఉంటాడు!

అంగడిలో దీనిని పాండా మొక్క అంటున్నారు. చీనా దేశపు ఎలుగుకు, ఈ మొక్కకు ఏ సంబంధమూ లేదు. దీని పుట్టినిల్లు ఆఫ్రికా ఖండానికి తూర్పున ఉన్న మడగాస్కర్ ద్వీపం. మన పెరళ్ళలో పుండ్లకు, గాయాలకు ఆకు వెచ్చచేసి కట్టే రణపాలకు కూడా జన్మస్థానం ఆ ద్వీపమే. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. అనగా తెలుగు ఇల్లాలికి తరతరాలుగా పరిచితమైన మొక్కకు ఇది దగ్గరి చుట్టం. అందుచేత దీనిని మనము మఖమలు రణపాల అని పిలుచుకొనవచ్చునని మా సూచన. మఖమలు అనే మాట అరబ్బీ నుండి పారసీకానికి, అటు నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి తెలుగుకు వచ్చి మన ఇంటి మాట అయినది. రెండు భాషలలో వెలువడే మన పత్రికకు ఇంతకంటె తగిన పేరు దొరకదు. ఉర్దూ విభాగపు మిత్రులు కూడా కాదనరని ఆశిస్తున్నాము.

పేరు గురించి ఇంత చర్చ దేనికని కొందరు అడగవచ్చు. పేరులోనే చుట్టరికం తెలిస్తే పెంపకం సగం తెలిసినట్లే. పాండా అనే పేరు విన్నవాడు దానిని బొమ్మగా చూస్తాడు, చేతితో నిమురుతాడు, బల్లమీద మూలన పెడతాడు. రణపాలకు చుట్టమని తెలిసినవాడు రణపాల ఎక్కడ పెరుగుతుందో జ్ఞాపకం చేసుకొంటాడు. పాత గోడల వారన, రాళ్ళ సందులలో, ఎవరూ నీరు పోయని చోట అది వర్ధిల్లుతుందని అతనికి తెలుసు. ఆ ఒక్క జ్ఞాపకం చాలు, ఎన్నో కుండీలు నిలుస్తాయి.

ఈ వంశపు మొక్కలలో ఉన్న ఒక అద్భుతాన్ని మొట్టమొదట పత్రికాముఖంగా వెల్లడించినవారిలో మన తీరానికి సంబంధించిన వ్యక్తి ఒకరు ఉన్నారు. ఆయన పేరు బెంజమిన్ హేన్. జర్మను దేశస్థుడు. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి దశకంలో, రాక్స్‌బరో కలకత్తాకు వెళ్ళిపోయిన అనంతరం, గోదావరి సీమలోని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోటను చూచుకొన్న వృక్షశాస్త్రవేత్త. రణపాల ఆకు తెల్లవారుజామున నమిలితే పుల్లగా ఉండడం, పగలు పొద్దెక్కినకొద్దీ ఆ పులుపు తగ్గి చప్పబడిపోవడం ఆయన గమనించాడు. ఈ సంగతి లండనులోని లిన్నియన్ సొసైటీ సంచికలో 1815లో వెలువడినది. ఆ పులుపు రహస్యం పూర్తిగా విడివడడానికి నూరేళ్ళకు పైగా పట్టినది. తక్కిన మొక్కలు పగటిపూట ఆకు రంధ్రాలు తెరచి గాలి పీల్చుకొంటాయి. ఆ తెరచిన రంధ్రాల నుండే నీరు ఆవిరైపోతుంది. రణపాల వంశం మాత్రం పగలు రంధ్రాలు మూసుకొని, చల్లని రాత్రివేళ తెరుస్తుంది. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు గాలిని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకొంటుంది. తెల్లవారి మూతలు వేసుకొని, దాచినదానిని ఎండ సాయంతో ఆహారంగా వండుకొంటుంది. హేన్ నాలుకకు తగిలిన పులుపు ఆ రాత్రి సంపాదనే. మన ఊళ్ళలో వైద్యులు, ముసలమ్మలు రణపాలను ఎంతకాలంగానో వాడుతున్నారు. ఆకు రుచి వేళను బట్టి మారుతున్నదని వారికీ తెలిసే ఉండవచ్చు. కాని వ్రాసి పెట్టినవాడు పరదేశి. ఈ మాట మా విద్యార్థులకు ప్రతి సంవత్సరం చెబుతూనే ఉన్నాము.

(హేన్‌ను అనుకరించి మఖమలు రణపాలను ఎవరూ నమిలి చూడవద్దు. ఈ ప్రజాతిలో గుండెమీద పనిచేసే విషపదార్థాలు ఉన్నవి. ఇంట్లో మేకగాని, పిల్లిగాని ఉన్నవారు కుండీని వాటికి అందకుండా ఉంచాలి.)

ఇక నూగు సంగతి. అది అలంకారం కాదు. తెల్లని వెంట్రుకలు తీక్షణమైన వెలుతురులో కొంత భాగాన్ని వెనుకకు తిప్పికొడతాయి. ఆకుమీద కదలని గాలిపొరను నిలిపి, వేడిగాలి నేరుగా ఆకు చర్మానికి తగలకుండా అడ్డుకొంటాయి. మడగాస్కర్ మధ్యభాగపు గుట్టలమీద మట్టి పలుచగా ఉన్న రాతినేలలలో పెరిగే మొక్కకు ఈ దుప్పటి అవసరమైనది. అదే దుప్పటి మన వానకాలంలో దానికి శత్రువు అవుతుంది. నూగులో చిక్కిన నీటిబొట్టు త్వరగా ఆరదు. గాలి ఆడని చోట రెండు రోజులు అట్లా ఉన్నదంటే అక్కడ నల్లమచ్చ పడుతుంది, మచ్చ కుళ్ళు అవుతుంది.

పెంచేవారు ముందుగా గ్రహించవలసినది ఇదే. మన ప్రాంతంలో ఈ మొక్కను చంపేది వైశాఖమాసపు ఎండ కాదు, ఆషాఢ శ్రావణాల తడి. ఎండకాలంలో అందరూ జాగ్రత్త పడతారు, వాన పడగానే మొక్కకు మంచిదని కుండీని ఆరుబయట పెడతారు. తులసికి, మల్లెకు అది మేలే. దీనికి కాదు. తొలకరి పడగానే దీనిని చూరుకిందికి చేర్చాలి. వానకాలమంతా మూడు వారాలకొకసారి నీరు పోసినా చాలు, ఒక్కొక్కప్పుడు అదీ అక్కరలేదు. తక్కిన కాలాలలో కుండీలోని మట్టి అడుగుదాకా ఆరినదని తెలిసిన పిమ్మటనే పోయాలి. వెదురుపుల్ల గుచ్చి తీస్తే తెలుస్తుంది, పుల్లకు మట్టి అంటుకొన్నదంటే తడి ఉన్నట్లు. పోసేటప్పుడు మాత్రం పిసినారితనం కూడదు. అడుగు రంధ్రం నుండి నీరు కారేదాకా మొదట్లో పోసి, పళ్ళెంలో చేరిన నీటిని పారబోయాలి. ఆకులమీద చిలకరించడం అసలు పనికిరాదు. రోజూ గుక్కెడు పోసేవారే ఎక్కువ మొక్కలను చంపుతున్నారు. అది ప్రేమ కాదని అనము గాని, ఆ ప్రేమ మొక్కకోసం కాక తమ తృప్తికోసం చేస్తున్నదని మాత్రం అంటాము.

మట్టి విషయంలో మన నేలలకు మంచీ చెడూ రెండూ ఉన్నవి. నల్లరేగడి దీనికి పరమ శత్రువు. తడిసినప్పుడు బంకవలె పట్టుకొని, ఎండినప్పుడు బీటలు వారి వేళ్ళను తెంపుతుంది. తెలంగాణపు చల్క, రాయలసీమ ఎర్రనేల మేలైనవి. ఒకపాలు ఎర్రమట్టికి ఒకపాలు గరుకు ఇసుక, అరపాలు గోలీలంత ఇటుక ముక్కలు, పిడికెడు బాగా మాగిన ఆకుఎరువు కలిపితే సరిపోతుంది. పశువుల ఎరువు దట్టించవలసిన పని లేదు. బలిసిన మొక్క సన్నగా పొడుగు సాగి వంగిపోతుంది. కుండీ మట్టిదే కావాలి, అడుగున రంధ్రం తప్పనిసరి. రంగురంగుల పింగాణీ కప్పులలో, రంధ్రం లేకుండా, పైన గులకరాళ్ళు జిగురుతో అతికించి అమ్ముతున్నారు. అట్లా కొన్నవారు ఇంటికి చేరిన రోజే మొక్కను బయటికి తీసి మట్టి మార్చాలి.

వెలుతురు సమృద్ధిగా కావాలి. తూర్పు వసారా శ్రేష్ఠం. ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలితే మచ్చల రంగు ముదురుతుంది, నూగు దట్టమవుతుంది. చీకటి గదిలో అదే మొక్క పాలిపోయి, ఆకుకు ఆకుకు మధ్య దూరం పెరిగి అందవిహీనమవుతుంది. నడివేసవిలో మన రామగుండంలోనూ, కొత్తగూడెంలోనూ కాచే మధ్యాహ్నపు ఎండ మాత్రం దాని పుట్టింట లేదు. అప్పుడు నీడ అవసరం.

ఆకుమీద దుమ్ము చేరితే గుడ్డతో తుడవరాదు, కడగరాదు. మెత్తని కుంచెతో దులపాలి. చేతితో నిమిరితే నూగు రాలి, వ్రేలిముద్ర పడినచోట ఆకు నున్నగా నల్లబడుతుంది. రాలిన నూగు ఆ ఆకుకు తిరిగి రాదు. పురుగులలో పిండినల్లిని ప్రత్యేకంగా కనిపెట్టాలి. అది కూడా తెల్లనిదే, దూదివలె ఉంటుంది, నూగులో కలిసిపోయి దొంగవలె దాగుతుంది. ఆకు కాండాన్ని అంటిన మూలలో చూడాలి. చీమలు కుండీ ఎక్కుతున్నవంటే నల్లి ఉన్నదని అనుమానించవచ్చు, దాని తీపి విసర్జనకోసమే అవి వస్తాయి. సన్నని పుల్లకు దూది చుట్టి, స్పిరిటులో ముంచి, ఒక్కొక్కదానినీ అద్ది తీయాలి. ఓపిక ఉన్నవారి పని ఇది. పరీక్షల ముందు పెట్టుకొనవద్దు.

ఇంతకూ అరుదు అంటే ఏమి? ఇక్కడనే మాకు వర్తకులతో విభేదం. మఖమలు రణపాల తోటలలో విరివిగా పెంచబడుతున్నది. ఒక ఆకు నుండి మరొక మొక్క పుడుతుంది కనుక దానికి కొరత రానక్కరలేదు. ఇది మన ఊరిలో అరుదు, అంతే. కాని కొండమీద తప్ప మరెక్కడా లేని జాతులు కొన్ని ఉన్నవి. వాటి అరుదుతనమే వాటికి మృత్యువు అయినది. దక్షిణాఫ్రికాలోని కరూ మెట్టభూములలో కోనోఫైటం అనే చిన్న మొక్కలు ఉంటాయి. రెండు ఆకులు అతుక్కొని గులకరాయివలె కనబడతాయి, కొన్నింటికి సన్నని నూగు కూడా ఉంటుంది. 2019 తరువాత వాటిని దొంగతనంగా పెళ్ళగించి దూరదేశాల కొనుగోలుదారులకు పంపడం ఉధృతమైనది. పోలీసులు పట్టుకొన్నవే లక్షల సంఖ్యలో ఉన్నవి. ఒక్కొక్క జాతి ఒకటి రెండు గుట్టలకే పరిమితం కనుక, ఆ గుట్ట ఖాళీ అయినదంటే ఆ జాతి అడవిలో లేనట్లే. ఫోను తెరమీద బొమ్మ చూచి ముచ్చటపడి కొనే యువకుడికి ఆ గుట్ట కనబడదు. అమ్మేవాడు చూపడు. అయినప్పటికీ కొనేవాడు లేకుంటే తవ్వేవాడు లేడన్నది వాస్తవం.

అది పరదేశపు కథ అని తీసివేయడానికి వీలులేదు. మన మెట్టగుట్టలమీద, తుప్పల నీడన పెరిగే కుందేటి కొమ్ములు ఉన్నవి. నాలుగు పలకల కాడలతో పెరిగే ఈ మొక్కను పశువుల కాపరులు ఆకలి మందగించడానికి నమిలేవారు, పల్లెలలో పచ్చడి చేసుకొనేవారు. అవసరానికి ఒక కాడ త్రుంచితే మొదలు మిగిలి, వానకు మళ్ళీ చిగురించేది. ఇటీవలి దశాబ్దాలలో ఒళ్ళు తగ్గించే మాత్రలకోసం ఈ జాతి సారానికి దేశవిదేశాలలో గిరాకీ వచ్చినది. కాపరి త్రుంచే తీరుకు, బస్తాల లెక్కన ఏరేవారి తీరుకు ఉన్న భేదం వేరుగా వివరించనక్కరలేదు. సరదాకొరకు గుట్టలమీదికి వెళ్ళే విద్యార్థులు ఏ మొక్కనూ వేళ్ళతో పెకలించి తేరాదని మేము గట్టిగా చెబుతున్నాము. తెచ్చినవారి నమూనాకు మార్కులు వేయరాదని తోటి అధ్యాపకులకు కూడా విన్నవిస్తున్నాము.

వేసవిలో తాగునీటికే కటకటగా ఉన్న ఊళ్ళలో విదేశీ మొక్కల షోకు ఎందుకని మా సహాధ్యాపకులు ఒకరు వాదించారు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కాని నీటి పొదుపే ప్రశ్న అయితే నెలకు రెండు మూడు లోటాల నీటితో బతికే మొక్కను ఆక్షేపించి, రోజూ బిందెలు తాగే పచ్చికబయలును ఉపేక్షించడం ఎట్లా? ప్రయోగశాలకు పెద్దగా ధనం లేని కళాశాలలో రాత్రి గాలి పీల్చే మొక్క ఒక్కటి ఉంటే, పాఠ్యపుస్తకంలోని అధ్యాయం వసారాలోనే కనబడుతుంది. రణపాల ఆకును తెల్లవారగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి నూరి, ఆ రసాన్ని నీలి లిట్మసు కాగితంమీద అద్ది, ఏ రసానికి కాగితం ఎంత ఎర్రబడినదో పోల్చి చూడవచ్చు. దీనికి ఖర్చు లేదు.

కనుక మా ప్రతిపాదన ఇది. విద్యార్థులు ఎవరికి వారు కొనడం మాని, కళాశాలలో రెండు తల్లిమొక్కలను ఉంచి వాటి ఆకులు పంచుకొందాము. ఆకును తుంచేటప్పుడు మొదలు చినగకుండా అటూ ఇటూ మెల్లగా కదిపి తీయాలి, మొదలు చినిగిన ఆకు మొలవదు. గాయం ఆరడానికి నాలుగైదు రోజులు నీడలో వదలాలి. అప్పుడు గరుకు ఇసుక కలిపిన మట్టిమీద పడుకోబెట్టాలి, పాతిపెట్టరాదు. మట్టికి అప్పుడప్పుడు కొద్ది తడి చూపాలి. రణపాలకు ఆకు అంచుల పల్లమునందు పిలకలు వస్తాయి, దీనికి మాత్రం ఆకు మొదట్లోనే వస్తాయి. కొన్ని వారాలకు గులాబి వన్నె వేళ్ళు, ఆ పిమ్మట మినపగింజంత పిలక కనబడతాయి. పిలక నిలదొక్కుకొని పాత ఆకు తనంతట తాను ముడుచుకొని ఎండేదాకా దానిని తీసివేయవద్దు, పిల్లకు అదే పాలు. కొమ్మ నాటితే ఇంకా త్వరగా వస్తుంది గాని కొమ్మలు అందరికీ చాలవు.

ఆకులు పంచడానికి వానలు వెనుకబట్టిన కార్తీకమాసం అనువైనది. అడిగినవారికి రెండేసి ఆకులు ఇస్తాము. మూడవది కావలసినవారు ముందు తమ ఇంటి పిలకను తెచ్చి చూపాలి.