మోకాలికి రోబో కావాలా? ముందు లెక్క చూద్దాం



ఈ మధ్య సంఘంలో నలుగురు కలిస్తే మోకాళ్ళ ముచ్చటే. సాంచెల మధ్య పన్నెండు గంటల పాళీ నిలబడి పనిచేసిన కాళ్ళు, అరవై దాటేసరికి మొరాయిస్తున్నాయి. డాక్టరు మోకాలు మార్చాలంటారు. వెంటనే ఇంకో ప్రశ్న: "రోబోతోనా, మామూలుగానా?" రోబో అంటే బిల్లు ఎక్కువ. పిల్లలేమో "అమ్మకి మంచిదే చేయిద్దాం" అని అప్పుకి పోతారు, లేకపోతే సాంచెలు అమ్ముతారు. అందుకే ఇది రాస్తున్నాం. మేము చదివింది తమిళ మీడియం, చేసింది రైల్వేలో గుమాస్తా పని. భాష సంగతి వదిలేసి లెక్క చూడండి.

రోబో తనంతట తాను ఆపరేషన్ చేయదు. చేసేది డాక్టరే. ఎముక ఎక్కడ, ఎంత కోయాలో మిషను కొలిచి చూపిస్తుంది, గీత దాటకుండా ఆపుతుంది. లోపల పెట్టే కీలు రెండు పద్ధతుల్లోనూ ఒకే రకానిది. ఆ కీలు ధరకి ప్రభుత్వం 2017 ఆగస్టులో కళ్ళెం వేసింది. అంతకుముందు సగటున 1,58,324 రూపాయలున్న కోబాల్ట్ క్రోమియం కీలుని 54,720కి దించింది, జీఎస్టీ వేరు. కానీ రోబో ఛార్జీకి అలాంటి హద్దు పెట్టలేదు.

మరి ఎక్కువ డబ్బుకి ఎక్కువ ఫలితం ఉందా? మిషనుతో కొలత సరిగ్గా వస్తుందనేది నిజమే. కానీ కొరియాలో వెయ్యిమందికి పైగా రోగులను రెండు గుంపులు చేసి, సగటున 13 ఏండ్లు గమనించి, 2020లో ఫలితం చెప్పారు. నడకలోనూ, కీలు మన్నికలోనూ తేడా కనబడలేదు. అది పాత రకం రోబో, ఇప్పటివి మెరుగు అంటారు. కావచ్చు. కానీ 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క చూడండి: మార్చిన మోకాళ్ళలో నూటికి 82 దాకా 25 ఏండ్లు పనిచేస్తాయి. అవి దాదాపు అన్నీ రోబో లేని కాలంలో చేసినవే. అరవై అయిదేళ్ళ మనిషికి ఇంతకన్నా ఎంత మన్నిక కొనిపెట్టగలం?

ఇంకో లెక్క. మిషను ఖర్చు అయిదు కోట్లు అనుకుందాం, అయిదేళ్ళు వాడతారనుకుందాం. ఏడాదికి 100 ఆపరేషన్లయితే ఒక్కో మోకాలి మీద లక్ష పడుతుంది. ఏడాదికి 500 అయితే 20 వేలే. అంటే రోగులు తక్కువ వచ్చే చోట, మన జబ్బుకి కాదు, వాళ్ళ మిషను కిస్తీకి కడుతున్నాం.

రోబో వద్దని మేము చెప్పడం లేదు. కాలు బాగా వంకరపోయినవాళ్ళకి, పాత విరుగుడు ఉన్నవాళ్ళకి డాక్టరు కారణం చెప్పి అడిగితే ఆలోచించండి. అదే ధరకి చేస్తామంటే చేయించుకోండి. కానీ అప్పు చేసి మాత్రం వద్దు.

ఆసుపత్రిలో ఇవి అడగండి: ఈ డాక్టరు ఏడాదికి ఎన్ని మోకాళ్ళు మారుస్తారు? కీలు ధర, రోబో ఛార్జీ బిల్లులో విడివిడిగా రాస్తారా? ఇన్సూరెన్స్ ఉంటే, రోబో ఆపరేషన్‌కి పాలసీలో పరిమితి ఎంత? పాలసీలు రోబోని కవర్ చేయాలి, కానీ పరిమితి పెట్టుకోవచ్చు. మిగిలింది మన జేబులోంచే.

మిగిలిన డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. ఆపరేషన్ బాగా జరిగినా, నెలరోజులు వ్యాయామం మానేస్తే మోకాలు బిగుసుకుంటుంది. మన చాళ్ళలో మెట్లు, కింద కూర్చునే మరుగుదొడ్లు. కుర్చీ కమోడు, పట్టుకోవడానికి కడ్డీ, వారానికి మూడుసార్లు ఇంటికొచ్చే ఫిజియో, ఇవి రోబో కన్నా ముందు కావాలి.

సంఘం పెద్దలకి ఒక మనవి. వాకర్లు, కమోడు కుర్చీలు నాలుగైదు కొని సంఘం ఆఫీసులో ఉంచుదాం. అవసరమున్న ఇల్లు వాడుకుని తిరిగి ఇస్తుంది. వచ్చే మీటింగులో ఈ సంగతి పెట్టండి, మా వంతు చందా మేము ఇస్తాం.