మోడల్ ఏదీ అని అడిగేవాళ్ళకు

సైన్స్ ఫెయిర్ తేదీ నోటీసు బోర్డు మీదికి ఎక్కిన సాయంత్రమే ఫోన్లు మొదలవుతాయి. "సార్, మావాడికి ఏం ప్రాజెక్టు ఇస్తున్నారు? వర్కింగ్ మోడలే ఇవ్వండి. చార్టు అయితే ఎవరూ చూడరు." ఆదిలాబాద్ వైపు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతూ ఏళ్ళ తరబడి ఈ మాట వింటున్నాను. మా పిల్లవాడు ఈమధ్య దేన్ని గురించి అడుగుతున్నాడో చెబుతాను, దాని మీద ఏమైనా చేయించండి అన్న తల్లి గానీ తండ్రి గానీ ఇంతవరకు నాకు తగల్లేదు.

ప్రాజెక్టు అంటే కదలాలి, వెలగాలి, చప్పుడు చేయాలి. చూసినవాళ్ళు బల్ల దగ్గర ఆగిపోవాలి. వీలైతే సమాజానికి పనికొచ్చే కొత్త ఆవిష్కరణ అయివుండాలి. తల్లిదండ్రులే కాదు, ఉపాధ్యాయులు, నిర్ణేతలు, పేపర్లో ఫొటో వేయించేవాళ్ళు, అందరూ నమ్ముతున్నది ఇదే. ఈ నమ్మకం తప్పు. లాబ్ లేని బడి వల్ల పిల్లల సైన్సుకు జరిగే నష్టం కన్నా దీనివల్ల జరిగే నష్టమే పెద్దదని నేను అనుకుంటున్నాను.

ఏ ప్రదర్శనకు వెళ్ళినా కనిపించే అగ్నిపర్వతాన్నే తీసుకోండి. అట్టముక్కలు, పాత పేపర్లు, ఎర్రరంగు, మధ్యలో సీసా. వంటసోడాలో వెనిగర్ పోస్తే నురగ పొంగుతుంది. ఆమ్లం, క్షారం కలిసి కార్బన్ డయాక్సైడ్ వచ్చింది, అంతే. అసలు అగ్నిపర్వతంలో జరిగేది ఇది కాదు. లోపల కరిగిన రాతిలో ఇమిడి ఉన్న వాయువులు, ఆ రాయి పైకి వస్తూ ఒత్తిడి తగ్గినకొద్దీ బుడగలుగా విడిపోతాయి. అంటే ఆ మోడల్ చూసిన పిల్లవాడు అగ్నిపర్వతం గురించి తప్పు నేర్చుకుని ఇంటికి వెళుతున్నాడు. ఇంకా బాధ కలిగించే సంగతి ఉంది. మా వైపు చేలల్లో ఉన్న నల్లరేగడి, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారి గడ్డకట్టిన లావా రాయి చివికి ఏర్పడిన మన్ను. ఆ మన్ను మీద నడిచి బడికి వచ్చే పిల్లలు వెనిగర్ కొని తెచ్చి అట్టపెట్టెలో లావా పొంగిస్తున్నారు. ఎండాకాలం ఈ నేల ఎందుకు అంతేసి నెర్రెలిస్తుంది, ఒక చెంబు నీళ్ళు పోస్తే ఎర్రచెలకలో ఎంతసేపటికి ఇంకుతాయి, రేగడిలో ఎంతసేపటికి ఇంకుతాయి అని అడిగించినవాళ్ళు లేరు.

సిరంజిల జేసీబీ సంగతీ అంతే. నాలుగు సిరంజిలు, ప్లాస్టిక్ గొట్టాలు, రంగునీళ్ళు. ఒక చోట నొక్కితే ఇంకో చోట చేయి లేస్తుంది. కిందటేడు ఒక ప్రదర్శనలో అలాంటి మోడల్ ముందు నిలబడిన ఎనిమిదో తరగతి అబ్బాయిని అడిగాను: "బాబూ, నీళ్ళు తీసేసి గొట్టంలో గాలే ఉంచితే ఏమవుతుంది?" కాసేపు నా ముఖం చూసి "అది మాకు చెప్పలేదు సార్" అన్నాడు. తప్పు ఆ పిల్లవాడిది కానే కాదు. నీళ్ళు తీసేసి రెండు నిమిషాలు నొక్కి చూస్తే వాడికే తెలిసేది. గాలి నలుగుతుంది, చేయి సగమే లేస్తుంది, బరువు పెడితే అసలు లేవనే లేవదు. ఆ రెండు నిమిషాలే సైన్సు. మోడల్ పాడవుతుందన్న భయంతో పెద్దవాళ్ళు ఆ రెండు నిమిషాలనూ వాడి దగ్గర లాగేసుకున్నారు.

మరి ఎలాంటి ప్రాజెక్టు ఎంచుకోవాలి? నేను చూసిన ఒకటి చెబుతాను.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె జనవరిలో నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాయనమ్మ చలికాలంలో పెరుగు తోడేసి గిన్నెను బియ్యం డబ్బాలో పెడుతుంది. "బియ్యంల పెడితేనే తోడుకుంటదంటది సార్, నిజమేనా?" అడిగింది. నాకు కారణం తెలుసు. తోడులో ఉన్న సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి, బియ్యం వేడిని తొందరగా పోనివ్వదు. కానీ చెప్పలేదు. చేసి చూడమన్నాను.

మొదట ఒకే కొలత స్టీలు గ్లాసులు రెండు తీసుకుంది. ఒకే పాలు, ఒక్కో చెంచా తోడు. ఒకటి బియ్యంలో, ఒకటి వంటింటి గట్టు మీద. గంటగంటకూ వంచి చూసింది. మర్నాడు దిగులుగా వచ్చి చెప్పింది: "వంచి చూస్తుంటే విరిగిపోతుంది సార్. బయటికి తీసినప్పుడల్లా చల్లబడుతుంది. నేను చూడబట్టే పాడవుతుందేమో." పన్నెండేళ్ళ పిల్ల నోట ఆ మాట విన్నాక ఆ రోజు నాకు పాఠం సాగలేదు. కొలిచే పనే కొలతను మారుస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఉపాయం కూడా తనే ఆలోచించింది. పక్కింట్లో, ఎదురింట్లో గ్లాసులు అడిగి తెచ్చి పన్నెండు చేసింది. ఆరు బియ్యంలో, ఆరు గట్టు మీద. ఆదివారం పొద్దున ఆరింటికి అన్నిటికీ తోడు వేసి, పదింటి నుంచి గంటకొక జత తీసి చూడటం, చూసినదాన్ని మళ్ళీ ముట్టుకోకపోవటం. బియ్యంలోంచి రెండింటికి తీసిన గ్లాసులో పెరుగు గడ్డకట్టి ఉంది. గట్టు మీద మూడింటికి తీసిన ఆఖరి గ్లాసు కూడా పాలలాగే జారింది. తర్వాతి ఆదివారం మళ్ళీ చేస్తే బియ్యంలోది ఒంటిగంటకే తోడుకుంది. ఎందుకు తేడా వచ్చిందని నాలుగు రోజులు వేధించింది. పాలు ఎంత వేడిగా ఉన్నప్పుడు తోడు వేశానో కొలవలేదని తనే పట్టుకుంది. బడి లాబ్‌లోని థర్మామీటరు అడిగి తీసుకుని మూడో ఆదివారం మళ్ళీ మొదలుపెట్టింది. నోటుబుక్కులో కొట్టివేతలు, పాల మరకలు, గళ్ళకాగితం మీద రెండు గీతలు. ఆమె ప్రాజెక్టు అదీ.

ప్రదర్శనలో నిర్ణేత ఆమె బల్ల దగ్గర అర నిమిషం నిలబడ్డాడు. "ఇందులో కొత్తేముందమ్మా? ఇది మీ నాయనమ్మకు తెలిసిందే కదా. మోడల్ ఏదీ?" అని ముందుకు వెళ్ళిపోయాడు. చెయ్యి చాపితే మూత తెరుచుకునే చెత్తబుట్టకు బహుమతి ఇచ్చారు. సెన్సర్‌తో సహా కిట్టు పట్నంలో దుకాణంలో దొరుకుతుంది.

నాయనమ్మకు తెలిసిందే అన్న ఆ మాటకు నా జవాబు ఇది. నాయనమ్మ చెప్పిన మాటను మనవరాలు ఊరికే నమ్మలేదు, ఊరికే కొట్టిపారేయనూ లేదు. కొలిచి చూసింది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృష్టిని పౌరుల విధి అంటోంది. ఏడో తరగతిలో ఆ విధి నిర్వహించిన పిల్లను మనం మోడల్ లేదని వెనక్కి పంపాం.

ఇంత చిన్న వయసులో పరిశోధన ఏమిటి, చేతులతో ఏదో ఒకటి తయారుచేస్తే చాలదా అంటారు. అమెరికాలో ఎమిలీ రోజా అనే అమ్మాయి నాలుగో తరగతి సైన్స్ ఫెయిర్ కోసం చేసిన పని చూడండి. రోగిని తాకకుండా చేతులు పైపైన ఆడించి శరీరంలోని శక్తిని పసిగడతాం, దాన్ని సరిచేస్తాం అనే చికిత్సకులు అక్కడ ఉన్నారు. ఎమిలీ ఒక అడ్డు నిలబెట్టింది. వాళ్ళు ఆ అడ్డుకున్న కంతల్లోంచి రెండు చేతులూ ఇవతలికి చాపాలి. ఆమె నాణెం ఎగరేసి, బొమ్మో బొరుసో పడినదాన్నిబట్టి తన చేతిని ఒక చేతి మీదుగా నిలిపేది. ఏ చెయ్యో వాళ్ళు చెప్పాలి. 21 మంది, 280 సార్లు. సరిగ్గా చెప్పింది 44 శాతం. కళ్ళు మూసుకుని ఊహించినా సగం సరిపోవాలి. 1998లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో అది అచ్చయ్యేనాటికి ఎమిలీకి పదకొండేళ్ళు. ఆమె దగ్గర ఉన్నవి ఒక అడ్డు, ఒక నాణెం, ఒక సూటి ప్రశ్న.

కొత్త ఆవిష్కరణలు కావాలి కదా, ప్రభుత్వమే ఇన్‌స్పైర్ మానక్ కింద పిల్లల ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తోంది కదా అని కొందరు అంటారు. ఇవ్వాలి, అది మంచి పథకం. అయితే వస్తువు కనిపెట్టడం వేరు, విషయం తెలుసుకోవడం వేరు. రెండోది రాకుండా మొదటిది చేయించబోతే పిల్లలు యూట్యూబు చూసి అతికించటం తప్ప ఇంకేం చేస్తారు? జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి పిల్లలను వాళ్ళ ఊరి సమస్యే తీసుకుని సర్వే చేయమని, కొలవమని, రోజువారీ రాసుకోమని అడుగుతోంది. ఆ దారి మన ముందే ఉంది, దాన్ని బడి ప్రదర్శనదాకా రానివ్వడం లేదు.

మనం సైన్స్ దినం చేసుకునే ఫిబ్రవరి 28, రామన్ 1928లో తన పేరుతో పిలిచే కాంతి ప్రభావాన్ని కనుగొన్న రోజు. దాని వెనక 1921 నాటి ఓడ ప్రయాణం ఉంది. సముద్రపు నీలం ఆకాశానికి ప్రతిబింబమేనన్న పెద్దల మాట ఆయనకు రుచించలేదు. జేబులోని చిన్న పట్టకంతో డెక్ మీదే పరీక్షించి చూశాడు. ఆయన పేరు చెప్పి థర్మాకోల్ డ్యాములు నిలబెట్టించడం నాకు సమ్మతం కాదు.

తల్లిదండ్రులారా, ఈసారి దుకాణానికి వెళ్ళకండి. మీ పిల్లలు వారం రోజుల్లో అడిగిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాయండి. వాటిలో మీ ఇంట్లోనే, మీ చేలోనే, గడియారం, స్కేలు, చెంచాలతో జవాబు దొరికేదాన్ని వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఫలితం తప్పు వస్తే దిద్దకండి, మళ్ళీ చేయనివ్వండి. నిర్ణేతలుగా వెళ్ళే నా తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. బల్ల దగ్గర ఇది ఎలా పనిచేస్తుందని అడగటం మానేయండి. చేసేటప్పుడు నీకు ఏది కుదరలేదు, అప్పుడేం చేశావు అని అడగండి. దానికి జవాబు చెప్పగలిగిన పిల్లలకే మార్కులు వేయండి.