కొవ్వు ఎవరిది? కణాలు ఎవరివి?

“మీ శరీరంలోని కొవ్వు నుంచే మీకు చికిత్స. మీ సొంత కణాలే కాబట్టి ప్రమాదం లేదు.” మోకాళ్ళ నొప్పులకీ, ముఖం మీద ముడతలకీ, రాలిపోయే జుట్టుకీ మూలకణాల చికిత్స అమ్మే క్లినిక్కులు చెప్పే మాట ఇది. వినడానికి ఎంతో సహజంగా, మన శరీరాల పట్ల గౌరవంగా కూడా ఉంటుంది. ఈ మాటలోని మోసాన్ని బయటపెట్టడానికి స్త్రీవాదులే అక్కర్లేదు, ఆ కణాల మీద జరుగుతున్న పరిశోధనలే చాలు. అయితే ఆ పరిశోధనలు కూడా పట్టించుకోని సంగతి ఒకటుంది. అది ఆ కొవ్వు ఇచ్చిన స్త్రీ సంగతి.

ముందు శాస్త్రం ఏం చెబుతోందో చూద్దాం. లైపోసక్షన్‌లో పీల్చి తీసిన కొవ్వులో ఎముకగా, మృదులాస్థిగా, కండరంగా మారగల కణాలున్నాయని పట్రీషియా జుక్, ఆమె సహచరులు 2001లో ప్రకటించారు. అంతవరకు పారేసిన కొవ్వు ముడిసరుకుగా మారింది. ఈ కణాలు పెరగాలంటే ఏదో ఒక పదార్థాన్ని అంటిపెట్టుకోవాలి. అది ప్లాస్టిక్ పళ్ళెం కావచ్చు, కొల్లాజెన్ జెల్ కావచ్చు, టైటానియం రేకు కావచ్చు, శరీరంలో మెల్లగా కరిగిపోయే పాలిమర్ చట్రం కావచ్చు. శరీరంలో వాడటానికి తయారుచేసే ఇలాంటి పదార్థాలని బయోమెటీరియల్స్ అంటున్నారు.

ఈ పదార్థం కణానికి ఉత్త ఆసరా మాత్రమే కాదు. ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్ బృందం 2006లో ఎముక మజ్జలోని మూలకణాలను రకరకాల గట్టిదనం ఉన్న జెల్‌ల మీద పెంచింది. మెదడంత మెత్తని జెల్ మీద వాటికి నాడీకణాల పోలికలు వచ్చాయి. కండరమంత బిగువున్న దాని మీద కండర కణాల పోలికలు, ఇంకా గట్టిదాని మీద ఎముక కణాల పోలికలు వచ్చాయి. కొవ్వు నుంచి తీసిన మూలకణాలు కూడా కింది పదార్థం గట్టిదనాన్ని బట్టి, గరుకుదనాన్ని బట్టి తమ నడవడి మార్చుకుంటాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. గట్టి ప్లాస్టిక్ మీద ఎక్కువ రోజులు పెరిగిన మూలకణాలు మెత్తని జెల్ మీదికి మార్చాక కూడా ఆ గట్టిదనపు ప్రభావాన్ని వదులుకోలేదని 2014లో క్రిస్టీ ఆన్సెత్ బృందం చెప్పింది. దీనికి వాళ్ళు పెట్టిన పేరు ‘జ్ఞాపకం’.

అంటే కణానికి పుట్టుకతో వచ్చిన మంచి స్వభావం ఏదీ లేదు. ఎక్కడి నుంచి తీశారు, దేని మీద పెంచారు, ఎక్కడ పెట్టారు అన్న దాన్ని బట్టి అది ఎముక కావచ్చు, కొవ్వు కావచ్చు, మచ్చ కట్టే కణమూ కావచ్చు. అలాంటప్పుడు ‘మీ కణాలే కాబట్టి ప్రమాదం లేదు’ అన్న మాటకి అర్థం ఏముంది?

2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఏం జరిగిందో చూడండి. వయసుతోపాటు రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు ఉన్న ముగ్గురు స్త్రీలకు, వాళ్ళ పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను ఒకే రోజు రెండు కళ్ళలోకీ ఎక్కించారు. వాళ్ళ వయసు 72, 78, 88. ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు తీసుకున్నారు. ముగ్గురికీ చూపు పోయింది. ఈ సంగతి 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఇలా తీసిన కణాలు మందు కిందికే వస్తాయనీ, ప్రభుత్వ నియంత్రణకు లోబడాలనీ అక్కడి అప్పీలు కోర్టు 2021లో తీర్పు ఇచ్చింది. ముగ్గురు స్త్రీల కళ్ళు పోయిన ఆరేళ్ళకి!

ఇక పరిశోధకుల సంగతి. నేను సమాజశాస్త్రం విద్యార్థిని. ఈ వ్యాసాల్లో ‘పద్ధతులు’ అనే భాగాన్ని ముందు చదువుతాను. నేను చదివిన వాటిలో జెల్ గురించి పేరాలకి పేరాలు ఉంటాయి. దాని గట్టిదనం, రంధ్రాల పరిమాణం, తయారీ ఉష్ణోగ్రత అన్నీ ఉంటాయి. కొవ్వు ఎవరిదన్న దగ్గర మాత్రం ఒకే వాక్యం: లైపోసక్షన్ చేయించుకున్న రోగుల అంగీకారంతో సేకరించాం. కొన్నిచోట్ల అదీ లేదు, కంపెనీ నుంచి కొన్న సీసా పేరే ఉంటుంది. లైపోసక్షన్ చేయించుకునేవాళ్ళలో అత్యధికులు స్త్రీలు. ‘లావుగా ఉన్నావు’ అని పెళ్ళిచూపుల్లో, టీవీలో, ఇంట్లో చెప్పించుకున్నవాళ్ళు. కొవ్వు తీయించుకోవడానికి ఆమె డబ్బు కడుతుంది. ఆ కొవ్వునే ముడిసరుకు చేసుకుని ఇంకొకరు పేటెంటు తీసుకుంటారు.

ఎలాగూ పారేసేదే కదా, నష్టం ఏముంది అంటారు. పారేసేదానికి విలువ వచ్చిందని తెలిశాక ఆ సంగతి ఆమెకి చెప్పకపోవడమే నష్టం. 1990లో మూర్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీసేసిన కణాల మీద రోగికి ఆస్తి హక్కు లేదన్నది. అయినా డాక్టరు తన పరిశోధన ప్రయోజనాన్ని, ఆర్థిక ప్రయోజనాన్ని ముందే రోగికి చెప్పి తీరాలన్నది. పైగా దాత వయసు, బరువు, మధుమేహం వంటివి ఈ కణాల నడవడిని ప్రభావితం చేస్తాయని ఈ రంగంలోనే తేలింది. ఆ వివరాలు వదిలేస్తే అన్యాయమే కాదు, శాస్త్రం కూడా దెబ్బతింటుంది.

అంగీకారం అనే మాట మనకి కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వబోయినప్పుడు అది ప్రయోగమని అక్కడి స్త్రీలకి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. వేలిముద్ర వేయించుకోవడం అంగీకారం కాదని మనం అప్పుడే అన్నాం. ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు ఇంగ్లీషు కాగితం మీద పెట్టించుకునే సంతకమూ అంగీకారం కాదు.

నేను ఈ పరిశోధనకి వ్యతిరేకిని కాదు. రొమ్ము క్యాన్సర్‌తో రొమ్ము తీసేయించుకున్న స్త్రీకి, కాలిన గాయాలతో బతికి బయటపడిన స్త్రీకి దీనివల్ల మేలు జరగవచ్చు. అందుకే ఇది క్లినిక్కుల వ్యాపారం పాలు కాకూడదంటున్నాను. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శక సూత్రాల ప్రకారం కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు తప్ప మూలకణాలను క్లినికల్ ట్రయల్‌లో భాగంగానే వాడాలి. ఆ సూత్రాలు అమ్మకాలని ఆపలేకపోతున్నాయి.

కాబట్టి మన సంఘాలు అడగవలసినవి ఇవి. కొవ్వును పరిశోధనకి వాడేట్టయితే ఆ సంగతి, అందులో ఎవరికి లాభమో, తెలుగులో విడిగా చెప్పి విడిగా సంతకం తీసుకోవాలి. కాదన్న స్త్రీకి వైద్యంలో లోటు జరగకూడదు. మూలకణాల చికిత్స పేరుతో డబ్బు తీసుకునే ప్రతి క్లినిక్కూ తన ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద రాసిపెట్టాలి. నైతిక సంఘాల్లో స్త్రీల సంఘాల ప్రతినిధులుండాలి. మన దగ్గరికి సలహాకి వచ్చే స్త్రీలతో, ‘మీ కణాలే’ అనే ప్రకటన చూసి మోసపోవద్దని, ముందు ఆ నంబరు అడగమని ఇవాళ్టి నుంచే చెప్పడం మొదలుపెడదాం.